ఉస్తాద్‌కు ఇవ్వని కోడ్

మచ్చ బొల్లారంలో మా వీధి చివరింటి ముందు గదిలో గిడియోన్ ఇప్పుడు మిక్సీలు, టీవీలు, వాషింగ్ మెషీన్ల బోర్డులు బాగుచేస్తుంటాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఆదివారం చర్చిలో మా వెనక బెంచీలో కూర్చుంటాడు. పాటలన్నీ నోటికొచ్చినా గొంతెత్తి పాడడు. చెయ్యి తిరిగిన పనివాడని ఎవరైనా మెచ్చుకుంటే తల వంచుకుని, "నాకు నేర్పినాయన వేరే ఉన్నడు" అంటాడు. ఆ నేర్పినాయన సంగతి నాకు చెప్పడానికి గిడియోన్‌కు చాలా కాలం పట్టింది. చెప్పినప్పుడు కూడా ఒక్కసారిగా చెప్పలేదు. మా ఇంటి ఫ్రిజ్ బాగుచేస్తూ కొంత, చర్చి మెట్ల మీద కొంత.

నేర్పినాయన పేరు సిద్దిరాములు. మేడ్చల్ బస్టాండు ఎదురు సందులో ఆయనకొక దుకాణం ఉండేది. భార్య దుర్గాబాయి పేరు కలిపి దానికి దుర్గా ఎలక్ట్రానిక్స్ అని పెట్టుకున్నాడు. ఐటీఐ చదివిన గిడియోన్ ఇరవయ్యేళ్ల వయసులో ఆ దుకాణంలో చేరాడు. టంకం పెట్టడం, మీటరు చూడడం ఐటీఐలో నేర్పారు. కాని చెడిపోయిన వస్తువు ముందు ఓపిగ్గా కూర్చోవడం నేర్పింది సిద్దిరాములే.

"మిషన్‌ను తిట్టకు రా. అది అబద్ధం జెప్పదు. దాని మాట మనకే ఇనరాదు" అనేవాడాయన.

మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లలో సిద్దిరాములు మాటకు విలువ ఉండేది. వస్తువు విప్పి చూశాకే నోరు విప్పేవాడు. "నడుస్తది" అంటే నడిచేది. "పాణం పోయింది" అంటే జనం మరో దుకాణానికి తీసుకుపోకుండా పాత సామాన్లవాడికి వేసేవారు.

పన్నెండేళ్లు అక్కడే పనిచేశాడు గిడియోన్. ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాడు. పండగకు బట్టలు, జ్వరమొస్తే దుర్గాబాయి చేతి రసం, అన్నీ ఆ ఇంటి నుంచే. ఆ పన్నెండేళ్లలోనే కాలం మారింది. అంతకుముందు వస్తువు లోపల అంటించి ఉండే సర్క్యూట్ కాగితాలు రావడం ఆగిపోయింది. కోఠి బజార్లో వెతికితే దొరికే భాగాలు దొరక్కుండా పోయాయి. కంపెనీవాళ్లు తమ సర్వీసు సెంటర్లకు తప్ప ఎవరికీ ఇవ్వమన్నారు. దుకాణంలో పని సగమైంది. అప్పటికి గిడియోన్‌కు పెళ్లయి, మనీషా పుట్టింది. పేట్ బషీరాబాద్‌లో, హైవే పక్కన, ఒక పెద్ద కంపెనీ సర్వీసు సెంటర్ తెరిచి టెక్నీషియన్లు కావాలన్నప్పుడు ఆ ప్రకటన చూపించింది సిద్దిరాములే.

"పో రా. నెలజీతం ఉంటది. బిడ్డ సదువుకుంటది. ఈడ ఇద్దరం కూసొని ఈగలు కొట్టుడెందుకు?"

గిడియోన్ చేరాడు. చేరిన రోజు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. కంపెనీ పద్ధతులు బయట చెప్పకూడదు, బయట మరమ్మతు చేసిన వస్తువును ముట్టకూడదు. నీలం చొక్కా, మెడలో కార్డు, చల్లటి ఏసీ గది. పని మాత్రం గిడియోన్‌కు తెలిసిన పని కాదు. బోర్డులో ఒక చిన్న ముక్క కాలిపోతే ఆ ముక్క మార్చకూడదు, మొత్తం బోర్డు మార్చాలి. బోర్డు లేకపోతే, "ఈ మోడల్ ఆపేశారండీ, కొత్తది తీసుకోండి" అనాలి. మొదట్లో ఆ మాట అనేటప్పుడు గిడియోన్ మొహం పక్కకు తిప్పుకునేవాడట. రెండో ఏడాదికి నేరుగా చూస్తూ అనగలిగాడు. "గదే నాకు భయమేసింది. నాల్క గట్ల అలవాటు పడ్డది" అన్నాడు నాతో.

సర్వీసు సెంటర్‌లో చేరిన పదో ఏట, ఎండాకాలం మొదట్లో, టోకెన్ల వరుసలో సిద్దిరాములు కనిపించాడు.

చంకలో తువాలు చుట్టిన బోర్డు ఉంది. కౌంటర్ దగ్గరికొచ్చి, ఏళ్ల తర్వాత చూసినందుకు నోరారా నవ్వాడు. గిడియోన్ వెనకే అద్దాల గదిలో సూపర్వైజర్ మధుసూదన్ ఉన్నాడు. పైన కెమెరా ఉంది. మూడు రోజుల కిందటే, తెలిసినవాళ్లకు లోపలి పని చేసిపెట్టాడని ఒక టెక్నీషియన్‌ను తీసేశారు.

"చెప్పండి సార్, టోకెన్ తీసుకున్నారా?" అన్నాడు గిడియోన్.

సిద్దిరాములు నవ్వు ఆగింది. "ఏంది రా, నన్ను సార్ అంటున్నవ్?" అని, కెమెరా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "గిది మా మేడ్చల్ల సాయమ్మ అని, ఆమె వాషింగ్ మిషన్‌ది. సెకండ్ హ్యాండ్‌ల కొన్నది. చిప్పు కాలింది, మార్చిన. బోర్డు మంచిగున్నది. కని మిషన్ దాన్ని గుర్తు పడ్తలేదు. మీ లాప్‌టాప్‌ పెట్టి కోడ్ కలుపుతరంట గదా, జెర కలుపు. ఆమె పెనిమిటికి పక్షవాతం, మంచంలనే అన్నీ. ఆమెకేమో చెయ్యి ఇరిగింది. దుప్పట్లు పిండలేక పరేషాన్ అయితాంది."

కోడ్ కలిపే వైరు గిడియోన్ మోకాలి దగ్గర సొరుగులోనే ఉంది. రెండు నిమిషాల పని.

"బయట రిపేర్ చేసిన బోర్డు మేం ముట్టమండీ. ఈ మోడల్ కూడా ఆపేశారు."

"అది నడుస్తదని నీకు తెల్వదా?"

"రూల్ సార్."

సిద్దిరాములు బోర్డును మళ్లీ తువాల్లో చుట్టాడు. పసిబిడ్డను చుట్టినట్టు మూలలన్నీ లోపలికి మడిచి చుట్టాడని గిడియోన్ చెప్పాడు. ఆయన తలుపు దాటాక మధుసూదన్ అద్దం వెనక నుంచి అడిగాడు.

"తెలిసినాయనా?"

"కాదు సార్."

ఆ సాయంత్రమే మేడ్చల్ వెళ్లి కాళ్ల మీద పడదామనుకున్నాడు. వెళ్లలేదు. ఆదివారం వెళ్దామనుకున్నాడు. ఆదివారం వచ్చేసరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు. ఆ తర్వాత కరోనా వచ్చింది. అది తగ్గాక ఎవరో చెప్పారు, సిద్దిరాములు దుకాణం మూసేశాడని, శామీర్‌పేట దగ్గర విల్లాల గేటు కాడ కాపలా పనికి కుదిరాడని. ఎందుకు మూశాడని గిడియోన్ అడగలేదు. కరోనా వల్లే అయ్యుంటుందని మనసుకు చెప్పుకున్నాడు.

కొన్నాళ్లకు మరమ్మతు హక్కు అనే మాట పేపర్లలో రావడం మొదలైంది. కేంద్రం ఒక కమిటీ వేసింది. కొన్న వస్తువును మనకు నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కు ఉండాలని, కంపెనీలు భాగాలు, వివరాలు బయటి మెకానిక్‌లకు కూడా ఇవ్వాలని చర్చ నడిచింది. అప్పుడే ఒకరోజు గిడియోన్‌కు స్రవంతి అనే లాయరు ఫోన్ చేసింది. వినియోగదారుల సంఘం తరఫున ఆమె మెకానిక్‌ల అనుభవాలు రాయించి ఢిల్లీకి పంపుతోంది.

"సర్వీసు సెంటర్‌లో పనిచేసేవాళ్లు ఒక్కరు కూడా ముందుకు రావట్లేదండీ. మీరు చెప్తారా? పేరుతో చెప్తేనే విలువ."

"నా వల్ల కాదమ్మా. సంతకం పెట్టిన."

"సరేనండీ, ఇబ్బంది పెట్టను. సిద్దిరాములుగారు మీ పేరు ఇస్తే చేశాను."

"ఆయన నా పేరు ఇచ్చిండా?"

"అవును. లోపలి సంగతి తెలిసినవాడు, పని తెలిసినవాడు మీరొక్కరే అన్నారు."

ఆ మాట విన్నాక గిడియోన్‌కు మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు సెలవు పెట్టి, సంచిలో లాప్‌టాప్, ఆ వైరు పెట్టుకుని, కంపెనీకి చెప్పకుండా మేడ్చల్ బయల్దేరాడు. ముందు సాయమ్మ మిషన్‌కు కోడ్ వేద్దాం, తర్వాత ఉస్తాద్ దగ్గరికి వెళ్దాం అనుకున్నాడు. అప్పుడైతే చెప్పడానికి ఒక మంచి మాట ఉంటుంది.

రైలు స్టేషన్ వెనక అడుగుతూ వెళ్తే ఇల్లు దొరికింది. వాకిట్లో వాషింగ్ మెషీన్ డ్రమ్ము ఒక్కటే ఉంది. దాని నిండా మట్టి పోసి పుదీనా వేశారు.

సాయమ్మ బయటికొచ్చి చాలాసేపు చూసి గుర్తుపట్టింది. "నువ్వు కంపెనీల ఉంటవు గద బిడ్డా? నేను మొదలు నీ కాడికే వస్తి. మోడల్ బందైంది, కొత్తది కొనుక్కోమన్నవ్."

ఆమె తన దగ్గరికి వచ్చిందన్న సంగతి గిడియోన్‌కు గుర్తే లేదు. అలా ఎంతమందికి చెప్పాడో.

"మిగిలిన మిషన్ ఏమైందమ్మా?"

"పాత సామాన్లోనికి ఏసిన. మా ఆయన పోయి మూడేండ్లాయె. ఆయన ఉన్నన్ని దినాలు గీ చేతుల్తోనే పిండిన." కుడి మణికట్టు ఎముక వంకరగా అతుక్కుంది. ఆమె దాన్ని చూపించడానికి చెయ్యెత్తలేదు, అదే కనిపించింది. "అంత ఆ సిద్దిరాములు జేసిన ఖరాబే. నడుస్తదన్నడు. నడవలె."

"నడిచేదమ్మా. ఆయన మంచిగ బాగ జేసిండు. ఆఖర్ల కోడ్ ఒక్కటి కలపాలె, గది మా కాడ ఉంటది. నాకు పని నేర్పింది గాయనే, వచ్చి అడిగిండు. నేను ఇయ్యలే."

సాయమ్మ గడప మీద కూలబడింది.

"ఏం జెప్తున్నవ్ బిడ్డా? నేను ఆయన్ను నడిబజార్ల నిలవెట్టి దొంగ అన్న. నా మిషన్ల మంచి పార్టులు అమ్ముకున్నవ్ అన్న. నా బాధల నేను నోటికొచ్చినట్టు అన్న. నలుగురు ఇన్నరు. తెల్లారి సంది ఆ దుకాణం మెట్టు ఎవరెక్కలె. ఆయన ఒక్క మాట తిరిగి అనలె. కంపెనీల నా శిష్యుడే ఉన్నడు, వాడే ఇయ్యలేదు అని ఒక్క మాటంటె నేను నోరు మూసుకుందు గదా! ఎందుకనలె?"

ఎందుకనలేదో గిడియోన్‌కు తెలుసు. ఆ మాట బయటికొస్తే ఎవరో ఒకరు సెంటర్‌కు వచ్చి గొడవ చేస్తారు. గిడియోన్ ఉద్యోగానికి ముప్పు. అందుకే ఆయన నోరు విప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ కలిసి శామీర్‌పేట వెళ్లారు. చెరువు దాటాక రాజీవ్ రహదారి నుంచి లోపలికి వెళ్లే రోడ్డు మీద విల్లాల గేటు. ఖాకీ యూనిఫారంలో సిద్దిరాములు ఒక కారుకు అడ్డుకర్ర ఎత్తుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. వీళ్లను చూసి గబగబా రెండు ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి వేశాడు.

"అన్నా, నన్ను మాఫ్ జెయ్యి" అని సాయమ్మ కుర్చీలో కూర్చోకుండానే ఏడ్చింది.

"అయ్యో, కూసో చెల్లె. నీకెట్ల తెలుస్తది? మంచంల మనిషిని పెట్టుకొని ఎవరైనా గట్లనే అంటరు." క్యాన్ లోంచి ఇద్దరికీ నీళ్లు వంచి ఇచ్చాడు. తర్వాత గిడియోన్ వైపు తిరిగి, "మనీషా ఏం సదువుతాంది?" అన్నాడు.

"డిగ్రీ ఉస్తాద్." అన్నాడు గిడియోన్. "వకీలమ్మకు నా పేరెందుకు ఇచ్చినవ్?"

"నేను జెప్తె ఎవరింటరు రా? దుకాణం మూసుకున్నోడు, కడుపుమంటతోని మాట్లాడుతుండంటరు. నువ్వు లోపట ఉన్నోడివి."

"నా మీద కోపం లేదా?"

సిద్దిరాములు ఇంకో కారొస్తే అడ్డుకర్ర ఎత్తి, దించి వచ్చాడు.

"కోడ్ ఇయ్యకపోతె ఇయ్యకపోతివి, నౌకరీ నీది. దానికేం లేదు. కని సార్ అన్నవ్ జూడు, గది మస్తు దినాలు నిద్ర పట్టనియ్యలే. బయటికొచ్చి మంచినీళ్లన్న ఇస్తవని జెరసేపు రోడ్డు మీదనే నిలవడ్డ."

గిడియోన్ ఆ వారమే స్రవంతి దగ్గరికి వెళ్లి తన పేరుతో, సంతకంతో అంతా రాసిచ్చాడు. బాగయ్యే వస్తువులను బాగుకావని ఎలా చెప్పించారో, కోడ్ పేరుతో బయటి పనిని ఎలా ఆపారో, తను ఎవరెవరికి ఆ మాట చెప్పాడో. గుర్తున్నంతవరకు రాశాడు. గుర్తు లేనివాళ్లే ఎక్కువని కూడా రాశాడు. ఆ కాగితం సంగతి కంపెనీకి తెలిసింది. తీసేయకముందే తనే మానేశాడు. మధుసూదన్ గేటు దాకా వచ్చి, చెయ్యి పట్టుకుని, "నాకంత ధైర్యం లేదు గిడియోన్" అన్నాడట.

రాసిచ్చిన కాగితం అందిందని స్రవంతికి ఒక జవాబు వచ్చింది. ఆ తర్వాత మరమ్మతు వివరాలన్నీ ఒక పోర్టల్‌లో పెడతామని కేంద్రం అంది, ఏ వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో మార్కులు వేస్తామంది. గిడియోన్ ఎదురుచూస్తున్న చట్టం మాత్రం ఇంకా రాలేదు. ఇంటి ముందు గదిలో టేబుల్ వేసుకున్న కొత్తలో గిడియోన్ శామీర్‌పేట వెళ్లి, "ఉస్తాద్, వచ్చి కూసో, ఇద్దరం జేద్దం" అని బతిమాలాడు. సిద్దిరాములు ఒక్కరోజు వచ్చాడు. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది, అయినా సన్న టంకం చుక్క చూపుకు ఆనలేదు. వేళ్లు వణికి పక్క ముక్క కాలింది. టంకం కడ్డీని నెమ్మదిగా స్టాండులో పెట్టి, చాయ్ తాగి, "నాలుగేండ్ల కిందనైతె అయితుండె రా" అని లేచాడు. మళ్లీ రాలేదు.

"చట్టం రేపో మాపో వస్తది. వస్తె మనీషా ఈడు పిల్లలకు మంచిగుంటది" అన్నాడు గిడియోన్ మొన్న నాతో, మా ఫ్రిజ్ తలుపు బిగిస్తూ. "కని ఆమె నడిబజార్ల తిడుతుంటె ఆయన నోరు మూసుకొని నిలవడ్డ పొద్దు, ఆ పొద్దు నాకు తిరిగొస్తదా?"

నెలకోసారి గిడియోన్ ఇప్పటికీ శామీర్‌పేట వెళ్లి ఆ గేటు దగ్గర గంటసేపు కూర్చుంటాడు. దుర్గాబాయి మోకాళ్ల నొప్పి గురించి, వానల గురించి మాట్లాడుకుంటారు. పని గురించి సిద్దిరాములు అడగడు. గిడియోన్ చెప్పడు.