పొట్టు సంచుల గది

మా చంటివాడికి అప్పుడు రెండో నెల. ఇల్లేమో సరిగ్గా రోడ్డు మలుపులో. సోలార్ పార్కుకు సామాను మోసే లారీలన్నీ మా గుమ్మం ముందే హారన్ కొట్టేవి. కొట్టినప్పుడల్లా వాడు ఉలిక్కిపడి, ఊపిరి బిగబట్టి, మొహం నల్లబడేదాకా ఏడ్చేవాడు. ఏదో ఒకరోజు ఆ ఊపిరి తిరిగి రాదేమోనని నాకు ఒకటే భయం. వాళ్ల హారన్లు మండిపోనూ! నోరారా తిట్టుకుందామంటే మా ఇంటాయన ప్యానెళ్లు కడిగేదీ ఆ పార్కులోనే.

మా వైపు వేరుశనగ కాయలు ఒలిచాక పొట్టు పారెయ్యం, పొయ్యిలోకని సంచులకెత్తి పెట్టుకుంటాం. ఆ సంచులే తెచ్చి రోడ్డువైపు కిటికీకి అడ్డంగా పైదాకా పేర్చాను. తలుపుకు లోపలివైపు మామ పాత కంబళి మడతపెట్టి మేకులు కొట్టాను. సందుల్లో గుడ్డపీలికలు కుక్కాను. పొట్టులో మిగిలిన గింజలకు ఎలుకలొస్తాయనీ, ఎలుకల వెనకే ఇంకోటి వస్తుందనీ అత్త చెబుతూనే ఉంది. నేను వింటేనా! హారన్ ఎక్కడో పక్క ఊళ్లో మోగినట్టయింది. పిల్లాడు ఉయ్యాల్లో హాయిగా నిద్రపోయాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం లోపల గడియ పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుని గుడ్డలు మడతపెడుతుంటే సంచుల్లో గరగరమంది. ఎలుక ఒకటి కిందికి దూకి పారిపోయింది. గరగర మాత్రం ఆగలేదు. సంచుల సందులోంచి నాగుపాము తల బయటికొచ్చింది. దాని కిందే ఉయ్యాల.

"అత్తా!" అని అరిచాను. గొంతు చించుకుని మళ్లీ అరిచాను. ఎవరూ రాలేదు. కంబళి ఎత్తి గడియ తీయాలంటే పిల్లాడికి వీపు తిప్పాలి. తిప్పలేకపోయాను. ఇక ఎవరూ రారని అర్థమయ్యాక, ఉయ్యాల దగ్గరికి ఎలా వెళ్లానో, వాణ్ణి ఎలా లాక్కున్నానో నాకే తెలియదు. పాము పడగ విప్పడం మాత్రం చూశాను. కంబళి చింపి, గడియ లాగి బయటపడ్డాను.

అత్త ఆ తలుపు పక్కనే అరుగు మీద కూర్చుని గింజలు ఏరుతోంది. తలెత్తి నవ్వింది.

"లేసినాడా? లోపల అంత గమ్మునుండాది, ఇద్దురూ పండుకున్నారనుకుంటి," అంది.

మలుపులో లారీ హారన్ కొట్టింది. పిల్లాడు నా భుజం మీద ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. ఆ ఏడుపు వీధి వీధంతా వినబడింది.