యాభై మీటర్ల నిచ్చెన, రెండో అంతస్తు అక్తరున్నీసా

జనం దిగే మెట్ల మీద సరుకు పేర్చుకునే మనిషికి నేనైతే సలాం కొట్టను. పత్తర్‌గట్టి వెనక ఒక గల్లీలో అలాంటి మనిషికి రోజూ సలాములు అందుతున్నాయి. పేరు షఫీఉద్దీన్. కింద ఆయన హోల్‌సేల్ బట్టల దుకాణం, పైన ఆయనవే కిరాయి గదులు, రెండింటికీ కలిపి ఒకటే మెట్ల దారి. ఆ దారే ఆయనకు గోదాము. బస్తీ కమిటీ అధ్యక్షుడు కూడా ఆయనే మరి, అడిగేదెవరు?

రెండో అంతస్తులో అక్తరున్నీసా కార్చోబ్ పని చేస్తుంది. చెక్క చట్రానికి బట్ట బిగించి, పెళ్లి దుస్తుల మీద జరీ కుట్టే పని. చిన్నప్పుడు పోలియో సోకి ఎడమకాలు సన్నబడింది. ఇన్నేళ్లూ గోడ పట్టుకుని మెట్లు దిగేది. మూటలు పెరిగేసరికి గోడ కనబడకుండా పోయింది. మూటలే పట్టుకుని దిగడం నేర్చుకుంది.

పోయిన ఎండాకాలం మీటరు పెట్టెలో నిప్పు లేచి కింది మూటలు అంటుకున్నాయి. మంట కొంచెమే, పొగ మాత్రం మెట్లన్నీ నిండింది. చిన్న ఫైరింజన్ గల్లీ మొదటి దాకా వచ్చి ఆగింది. సిబ్బంది నిచ్చెనను భుజాల మీద మోసుకొచ్చి, కిటికీ ఊచలు కోసి, ఆమెను ఒకతని వీపు మీద దించారు. వారం తిరగకముందే కొత్త మూటలు వచ్చి మెట్లెక్కాయి. మాడిన గోడ వాటి వెనక్కి పోయింది.

తర్వాత ఒక నాయకుడు వచ్చి ఫొటోలు దిగి, యాభై మీటర్ల నిచ్చెన బండిని బస్తీకే తెప్పించి చూపిస్తానని మాటిచ్చాడు. అక్తరున్నీసా తమ్ముడు ఉమర్ వేరే స్టేషన్లో ఫైరింజన్ డ్రైవరు. అతను అన్నానికి వచ్చినప్పుడు అడిగింది.

“ఆ బండి నా కిటికీ దాకా వస్తదా?”

“ఏ బండి ఆపా? నిచ్చెన బండ్లల్ల రకాలుంటయ్. ఒకటి తిరిగే పీట మీద నిచ్చెన. జల్దీ లేస్తది, ఎటంటే అటు తిరుగుతది. కాళ్లు మంచిగున్నోళ్లు ఒకరెనక ఒకరు దిగొచ్చు. ఇంకోటి బుట్ట బండి. పొడుగు చేయి, మడతలు మడతలుగ ఇప్పుకుంటది, కొసకు బుట్ట. నడవలేనోళ్లను బుట్టల పెట్టి దించుతరు. పైకెల్లి నీళ్లు కూడ కొడ్తరు.”

“అయితే నాకు బుట్టది గావాలె.”

“నీకు గదే గావాలె, కని అది రాదు. అది లేవాలంటే పక్కలకు కాళ్లు చాపి గట్టి నేల మీద నిలవడాలె. మన గల్లీల రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఎనక్కి పోవాలె. మీద కరెంటు తీగలు. బుట్ట బండి పెద్ద రోడ్ల మీది బిల్డింగులకు.”

“మరి నాకేంది?”

“భుజాల మీద మోసే నిచ్చెన. అది గూడ కిటికీ దాకనే. అన్నిటికన్న మంచిది ఖాళీ మెట్లు.”

నాయకుడు తెప్పించింది ఆ బుట్ట బండినే. అది వచ్చే రోజు కమిటీవాళ్లు గల్లీ మొదట్లో ఇనుప కమాను నిలబెట్టారు, దాని మీద నాయకుడి ఫ్లెక్సీ. మంటలార్పే బండికి స్వాగతం చెప్పడానికి దాని దారికే అడ్డం కట్టిన బుర్రలివి. పెద్ద బండి సంగతి అటుంచండి, ఎండాకాలం వచ్చిన చిన్న ఇంజన్ కూడా ఇప్పుడు అంతదాకా రాలేదు. బండి మెయిన్ రోడ్డు మీదే కాళ్లు చాపుకుంది. పూలదండతో సహా నాయకుడు బుట్టలో లేచి, కాలిపోని ఆకాశానికి చెయ్యూపాడు. దాన్ని డ్రోనుతో తీశారు.

షఫీఉద్దీన్ అక్తరున్నీసా చేతికి మైకు ఇచ్చాడు. “ఈ నిచ్చెన పానం కాపాడిందని రెండు ముక్కలు చెప్పు, చాలు.”

“నన్ను దించింది ఇది గాదు,” అందామె. “భుజాల మీద మోసుకొచ్చిన నిచ్చెన. ఇది మా గల్లీలకు రాదు. మా సేట్ మెట్ల మీది మూటలు తీస్తే...”

మైకు ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఏం విన్నారని కొట్టారో వాళ్లకే తెలియాలి.

మర్నాడు పొద్దున సేట్ షఫీఉద్దీన్ మనిషిని పంపకుండా తానే కబురు మోసుకొచ్చాడు. “గది ఖాళీ చేయ్.”

“చేస్త సేట్. కార్చోబ్ చట్రం ఎట్ల దించాలె?”

“ఇప్పి తీస్కపో.”

“సగం పనిల ఇప్పితే బట్ట ముడుచుకుంటది, జరీ లేస్తది. పని అయ్యేదాక కట్టు ఇప్పరు, మా అమ్మ కాలం నుంచి గంతే. నలుగురు నాలుగు దిక్కుల పట్టుకోని పండబెట్టి దించాలె. నీ మూటల నడుమకెల్లి పడ్తదా?”

“గదంత నాకెందుకు?”

“దాని మీదున్న పెండ్లి లెహంగా మీ కమిటీ సెక్రటరీ బిడ్డది. ఖరాబైతే మీరు మీరు మాట్లాడుకోండ్రి.”

సేట్ హమాలీలను పిలిపించాడు. ఒక ఆడమనిషిని వెళ్లగొట్టాల్సి వచ్చేసరికి, ప్రాణాలు పోతాయన్నప్పుడు దొరకని మనుషులూ జాగా అన్నీ దొరికాయి. ఆ పూటకే మెట్లు ఖాళీ అయ్యాయి. అక్తరున్నీసా మసిబారిన గోడకు అరచెయ్యి ఆనించి కిందిదాకా దిగింది, మళ్లీ ఎక్కింది. గదిలోకి పోయి సూదిలో దారం ఎక్కించింది.

“పట్టుకోనీకి మనుషులొచ్చిండ్రు, లే,” అన్నాడు సేట్.

“ఇప్పుడెందుకు పోత? మెట్లు ఖాళీ అయినయ్ గద. లెహంగా ఈడనే పూర్తయితది.”

సేట్ ఇంకేదో అనబోతుంటే ఎదురింటి కిటికీలోంచి లలితమ్మ పిలిచింది. గుడికి పూలు కట్టే లలితమ్మ ఉండే ఆ ఎదురు బిల్డింగు కూడా సేట్‌దే. “అక్తర్ బీ, నీ మూటలు మా మెట్ల మీదికొస్తున్నయ్, జర చూడు.”

అక్తరున్నీసా సూది బట్టకు గుచ్చి కిందికి దిగింది. గల్లీ దాటి లలితమ్మ వాళ్ల మొదటి మెట్టు మీద కూర్చుంది. పూల బుట్ట ఒళ్లో పెట్టుకుని లలితమ్మ వచ్చి ఆమె పై మెట్టు మీద కూర్చుంది. వీపున మూటతో హమాలీ వాళ్ల ముందు నిలబడిపోయాడు.

“నీ గది మీదనే లొల్లి అయితుంటే, ఎదురోళ్ల మెట్లు నీకెందుకు?” అన్నాడు సేట్.

“నా గది లొల్లి నాకు తెల్సు. మూటలు దుకాణంల పెట్టుకో సేట్. మస్తు జాగా ఉన్నది.”

“గిరాకీ ఎట్ల తిరగాలె?”

“మేం తిరిగినట్లు,” అంది లలితమ్మ.

హమాలీ వెనక్కి తిరిగి, దుకాణం గుమ్మంలో మూట దించాడు. వెనకున్నవాళ్లూ ఒక్కొక్కరే అక్కడే దించారు.