సుజానా టీచరుకు వినబడని పాఠం

హుకుంపేటకు పైన, కొండ మీది పల్లెలో ఒకే టీచరున్న బడి. సుజానా అక్కడ పంతొమ్మిదేళ్లు పనిచేసింది. సొంతూరు సీతంపేట దగ్గర. భర్త పోయాక బదిలీ పెట్టుకోమని అన్నదమ్ములు ఎంత చెప్పినా వినలేదు.

"ఇంట్లో తెలుగే వినని పిల్ల, కూడబలుక్కుంటూ కూడబలుక్కుంటూ ఓ రోజు వాక్యమంతా ఆగకుండా చదివేస్తుంది. ఏడాదికి నలుగురైదుగురు. అది వినడానికే ఉన్నాను" అనేది. విన్న ప్రతిసారీ మనసులోనే దేవుడికి స్తోత్రం చెప్పుకునేది.

యాభై దాటాక చెవులు మందగించాయి. నరం దెబ్బతిందన్నాడు విశాఖలో డాక్టరు. చెవికి మిషను పెట్టి చూసినా హోరే తప్ప మాట తెలిసేది కాదు. ఎవరికీ చెప్పకుండా, పెదవులు చూసి నెట్టుకొచ్చింది.

పోయిన ఆగస్టులో తనిఖీకి ఒక అధికారి వచ్చి, మూడో తరగతి భానును లేపి చదవమన్నారు. భాను పుస్తకం పట్టుకుని పెదవులు కదిపింది. "బాగా చదివావమ్మా" అంది సుజానా. అధికారి ఆమె వైపు వింతగా చూశారు. ఎంత చెప్పినా ఆమెకు అందకపోవడంతో పలక తీసుకుని రాశారు: "ఈ అమ్మాయి ఒక్క ముక్క చదవలేదు. ఊరికే పెదవులు కదిపింది."

ఆ సాయంత్రం సుజానా భాను తల్లి రత్నాలును వెతుక్కుంటూ రాగులు పండే చోడి చేనుకు వెళ్లింది.

"మీ పిల్లకు చదువు రాలేదు రత్నాలూ. తప్పు నాది. నాకు వినబడదు."

రత్నాలు కలుపు తీయడం ఆపి, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "తెలుసు టీచరమ్మా. ఏడాదై ఊరందరికీ తెలుసు. సెప్తే మిమ్మల్ని పంపించేత్తారని పిల్లలే దాసారు."

సుజానా గట్టు మీద కూర్చుంది. అంత ప్రేమ తనకు దక్కినందుకు కృతజ్ఞత పొంగింది. ఆ ప్రేమ చాటునే ఒక పిల్ల చదువు పోయిందని తలచుకుని ఏడ్చింది. మర్నాడే స్వచ్ఛంద విరమణకు దరఖాస్తు రాసింది.

ఆమె స్థానంలో నవంబరులో నేను చేరాను. ఆమె మాత్రం ఊరు వదల్లేదు. రోజూ సాయంత్రం భాను ఇంటికి వెళ్లేది. భాను చదువుతుంటే ఏడో తరగతి చదివే అక్క హేమలత పక్కన కూర్చుని వినేది. తప్పు పోయినప్పుడల్లా టీచరు మోచేతి మీద తట్టేది. మొదట్లో తట్టని మాటే ఉండేది కాదు.

ఫిబ్రవరిలో ఒకనాడు నేనూ అక్కడే ఉన్నాను. భాను పేజీ చివరిదాకా చదివేసింది. హేమలత చేయి కదల్లేదు. పొయ్యి దగ్గర రత్నాలు కళ్లు తుడుచుకుంది.

"ఎక్కడా ఆగలేదా?" సుజానా నన్నడిగింది.

లేదని తలూపాను.

"గొంతు ఎలా ఉంది?"

ఏం చెప్పను? ఏ మాట చెబితే ఆమెకు ఆ గొంతు తెలుస్తుంది? "బాగుంది టీచర్" అన్నాను, పెదవులు స్పష్టంగా కదుపుతూ.

ఆమె భాను తల నిమిరింది. తర్వాతి సోమవారం బస్సులో సీతంపేట వెళ్లిపోయింది.