మా అత్తగారి మొదటి పోటీ

మా అత్తగారు పోయారు. వాన పడుతున్న ఒక ఉదయం ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేసి "అమ్మ లేదు" అని చెప్పి పెట్టేశారు. పొయ్యి మీద ఆవిడ కోసం కాస్తున్న జావను దించాలో ఉంచాలో తెలియక, చాలాసేపు గరిటె తిప్పుతూనే నిలబడ్డాను. ఆ తర్వాత సెక్టర్ 6లోని మా క్వార్టరుకు పరామర్శకు వచ్చినవాళ్లందరూ ఆవిడ చేతివంట గురించి, ఓర్పు గురించి చెప్పుకున్నారు. గోల్ఫు ఊసు ఎవరూ ఎత్తలేదు. చెప్పుకోదగ్గ గెలుపేదీ అందులో లేదు మరి. నేను మాత్రం దాని గురించే చెప్పాలనుకుంటున్నాను.

ఆవిడ విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్లయి, ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయి వచ్చారు. టౌన్‌షిప్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. మావగారు పోయాక, రోజూ నడవమని డాక్టరు చెప్పడంతో పొద్దున్నే మరోదా చెరువు వైపు వెళ్లేవారు. ఆ రోడ్డు పక్కనే గోల్ఫు మైదానం. ఒకనాడు కంచె దాటి వచ్చిన బంతి ఒకటి ఆవిడ కాళ్ల దగ్గర ఆగింది. పట్టుకెళ్లి ఇస్తే, అక్కడ ఆడుతున్న పెద్దాయన సరదాకి కర్ర చేతికిచ్చి కొట్టి చూడమన్నాడట. ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని కొట్టారు. బంతి తిన్నగా లేచి ఎక్కడో దూరాన పడింది.

"ఆ దెబ్బ తగలకపోతే హాయిగా ఇంట్లో కూకుందును. మొదటిదే తగిలీసింది. అదే నా కర్మ," అనేవారు.

అలాంటి దెబ్బ మళ్లీ తగల్లేదు. సల్వార్ కమీజు కుట్టించుకున్నారు, కాన్వాసు బూట్లు కొనుక్కున్నారు, ఎవరో వాడి వదిలేసిన కర్రల సంచి సంపాదించారు. నేను కూడా వెళ్లేదాన్ని, మొదట్లో తోడుగా, తర్వాత అలవాటుగా. ఇదే ఊళ్లో క్యాంప్ 1 ఇరుకు సందుల్లో పుట్టి పెరిగిన నాకు, తెల్లవారుజామున అంత ఖాళీ పచ్చిక మీద ఏ పనీ లేకుండా నడవడం ఆవిడ వల్లే దొరికింది.

ఆటలో ఆవిడకు ముప్పయ్యారు హ్యాండిక్యాప్ ఇచ్చారు. బాగా ఆడేవాళ్ల కంటే ఎన్ని దెబ్బలు ఎక్కువ కొట్టినా మన్నిస్తారో, ఆ లెక్క అది. ఎంత పెద్దదైతే ఆట అంత అధ్వానమన్నమాట. మా మైదానంలో ఆడవాళ్లకు అంతకు మించి ఇవ్వరు.

"ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నోళ్లకి ఛత్తీస్ కాక మరేటిస్తారు?" అని నవ్వేశారు ఆవిడ, హిందీలో ముప్పయ్యారును ఛత్తీసే అంటారు కనుక. అదీ ఆవిడకు చాలేది కాదు.

దీపావళి తర్వాత పోటీ ఉందని తెలియగానే పేరిచ్చి వచ్చారు. గెలవనని ఆవిడకు తెలుసు. బాగా ఆడగలనన్న ఆశ కూడా లేదు. ఒక్కో గుంటలో బంతి వేసుకుంటూ, ఒక జట్టు వెనక ఒక జట్టుగా మైదానమంతా నడిచే ఆట అది. ఆవిడ భయమంతా ఒకటే: వెనకొచ్చేవాళ్లు తన వల్ల ఆగిపోతారేమోనని. అందుకని కొట్టడం కంటే నడవడమే ఎక్కువ సాధన చేశారు. బంతి కొట్టడం, సంచి దగ్గరికి గబగబా రావడం, తర్వాతి కర్ర ఏదో నడుస్తూనే ఆలోచించుకోవడం. మధ్యాహ్నాలు హాల్లో గచ్చు మీద గ్లాసు పడుకోబెట్టి అందులోకి బంతి దొర్లించేవారు. బంతి గ్లాసు పక్కనుంచి పోయి మంచం కిందికి వెళ్లేది. ఆవిడ వంగి తీసుకుని మళ్లీ మొదలుపెట్టేవారు.

ఆ వంగడంలోనే ముందుగా ఆయాసం కనిపించింది. పరీక్షలు చేసి, గుండె పంపింగ్ బాగా తగ్గిందన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన గట్టిగానే అన్నారు.

"మెట్లే ఎక్కొద్దన్నాడు డాక్టరు. నువ్వు ఆ గ్రౌండంతా తిరుగుతావా అమ్మా?"

"గ్రౌండులో మెట్లుండవురా."

"నవ్వులాట కాదు. ఏటైనా అయితే?"

"ఇంట్లో కూకుంటే ఏటీ అవదా? ఈ ఒక్కటీ ఆడీసి మానెత్తాను."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. మర్నాడు బట్టలు మడత పెడుతూ, ఎందుకంత పట్టుదల అని అడిగాను. ఆవిడ చేతిలోని తువ్వాలు మడిచి పక్కన పెట్టారు.

"మొదటి గుంట కాడ మైకులో పేరు పిలుస్తారంటమ్మా. ఉద్యోగమంతా 'నంబర్ ప్లీజ్' అనీసేను గానీ, నీ పేరేటని ఒక్కలూ అడగలేదు."

ఆ మాట మా ఆయనకు చెప్పాను. ఆయన ఇక అడ్డు చెప్పలేదు, సరేనని కూడా అనలేదు. పోటీ రోజు పొద్దున్న తనే కారులో దింపి, దిగకుండా వెళ్లిపోయారు.

మొదటి గుంట దగ్గర చాలామంది ఉన్నారు. మైకులో 'మిసెస్' అని, ఆ వెంట మావగారి పేరు వినిపించింది. చేర్చుకున్నప్పుడు అలాగే రాసుకున్నారట. ఎవరినో పిలిచినట్టు ఆవిడ చుట్టూ చూశారు. నేను భుజం మీద చెయ్యి వేశాక ముందుకు నడిచారు.

కర్ర ఎత్తి కొట్టారు. తగల్లేదు. బంతి ఉన్నచోటే ఉంది. వెనక ఎవరో దగ్గారు.

"మూడ్ ఝన్ ఉఠా, దాయీ," అన్నాడు సంచి మోసే ముసలాయన మెల్లగా. తల ఎత్తకమ్మా అని. రెండోసారి బంతి గడ్డిలో కొంచెం దూరం దొర్లింది. ఆవిడ వెంటనే దాని వెనక నడక మొదలుపెట్టారు, దాదాపు పరుగు.

ఆవిడతో కలిసి ఆడుతున్నది ఒక ఆఫీసరు గారి భార్య, నాకంటే చిన్నది. మంచి పిల్ల. "ఆంటీజీ, ఆరామ్ సే," నిదానంగా ఆడండి అని ప్రతిసారీ అనేది. అయినా అత్తయ్య ఆగలేదు. ఒక బంతి నాలాలో పోయింది. ఇంకొకటి తుప్పల్లో పోయింది. వెదకడానికి నియమాలు కొంత సమయం ఇస్తాయి. ఆవిడ వెదకనే లేదు. వెనకవాళ్లు కనబడగానే పక్కకు జరిగి, వెళ్లమని చెయ్యి ఊపారు. వాళ్ల వెనకవాళ్లకు కూడా దారిచ్చారు.

సగం ఆట కాకముందే, ఎత్తుగా ఉన్న ఒక చోట ఊపిరి అందక ఇప్పచెట్టు కింద కూర్చుండిపోయారు. పెదవులు నీలంగా అయ్యాయి. ముసలాయన సంచి దించి మెడలోని గమ్ఛా తువ్వాలుతో విసరసాగాడు. ఆ అమ్మాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "హమ్ రుకేంగే ఆంటీజీ," అంది, మేం ఆగుతాం అని.

"నహీ బేటా. ఆప్ జాయియే. మేరా హో గయా," అన్నారు అత్తయ్య. మీరు వెళ్లండి, నాది అయిపోయింది అని.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె వెళ్లిపోయింది.

ఇంటికి ఆటోలో వచ్చాం. ఫారెస్ట్ అవెన్యూ రోడ్డు పొడుగునా ఆవిడ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. మా వీధి మలుపు తిరిగాక అడిగారు.

"నా వల్ల ఎంతమంది ఆగిపోయేరే?"

"ఎవరూ ఆగలేదత్తయ్యా. మీరే దారిచ్చారు కదా."

"అవును. దారిచ్చీసేను."

ఆ తర్వాత ఆవిడ కర్ర ముట్టుకోలేదు. వచ్చే ఏడాది ఆడతానని కూడా అనలేదు. నేను అనిపించాలని చూశాను, విని ఊరుకున్నారు. చలికాలంలో మంచం హాల్లోకి మార్చాం. ఎండాకాలం వచ్చేసరికి ఆసుపత్రికి వెళ్లడం, రావడం అయింది. తర్వాత వెళ్లడమే మిగిలింది.

ఉద్యోగం రోజుల్లో, లైను కలవక విసుక్కునేవాళ్లతో ఆవిడ ఎప్పుడూ ఒకటే అనేవారట: "లైన్ మే రహియే, జోడ్ రహీ హూఁ." చివరి వారంలో ఒక సాయంత్రం, ధైర్యం చెప్పడానికి ఇంకే మాటా దొరక్క, దాన్నే తెలుగు చేసి "లైనులో ఉండండత్తయ్యా, కలుస్తుంది," అన్నాను.

ఆవిడ ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపారు.

"ఎక్స్ఛేంజే మూసీసేరు కదమ్మా," అన్నారు.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ దాన్ని నా చేతిలో ఉండనిచ్చారు, అదొక్కటే నాకు మిగిలిన మంచి.

పెద్దకర్మ అయ్యాక, పోటీ రోజు మైదానం గదిలో విప్పి వదిలేసి వచ్చిన ఆవిడ బూట్లు తెచ్చుకుందామని వెళ్లాను. వాన గట్టిగా పడుతోంది. ఆట లేదు, మనిషి లేడు. బూట్లు పట్టుకుని గొడుగు కింద, ఆవిడ ఎన్నడూ చేరని చివరి గుంట దాకా నడిచాను. తడిసిన జెండా కర్రకు అతుక్కుపోయి ఉంది. గుంట నిండా నీళ్లు. పైనుంచి చినుకులు పడుతూనే ఉన్నాయి, నీళ్లు అంచు పొర్లి గడ్డిలోకి పోతూనే ఉన్నాయి.