వెబ్‌స్టర్ అనే పేరుకు అర్థం అడిగిన రాజలింగం

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గుడారాల కార్ఖానాలో కత్తిరింపు విభాగానికి పెద్దదిక్కుగా ఉన్న రాజలింగం గారు గత గురువారం పనిచేస్తూనే గుండెపోటుతో కుప్పకూలి, ఆస్పత్రికి చేరేలోపే పరమపదించారు. ఆ వార్త విని నేను నిశ్చేష్టుణ్ణయ్యాను. తేరుకున్నాక నా నోటివెంట వచ్చిన మొదటి మాట, "మేనేజరు వెబ్‌స్టర్ గారికి చెప్పారా?" అని.

"ఆయనకే ముందు చెప్పినం సారూ. అంబులెన్సుల ఆయనే పోయిండు" అన్నాడు వార్త తెచ్చిన కార్మికుడు.

సహచరుడి మరణవార్త విన్న ఆ క్షణంలో కూడా నాలో ఏదో కలుక్కుమంది. ఆ అసూయను దాచిపెట్టి ఎన్ని విశేషణాలు గుప్పించినా అది నివాళి అనిపించుకోదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రాజలింగం గారిది సిరిసిల్ల దగ్గరి పల్లెలో ఒక నేత కుటుంబం. తండ్రి మగ్గం నేస్తే తల్లి నూలు కండెలు చుట్టేది. నేత మీద బతుకు సాగక ఆయన ఇరవై ఏళ్ళ కిందట దుబాయ్ దారి పట్టారు. వస్త్రవిషయంలో ఆయనది అనన్యసామాన్యమైన ప్రజ్ఞ. ఒకసారి కొత్తగా వచ్చిన కాన్వాసు తానును కళ్ళు మూసుకుని తడుముకుంటూ పోయి, ఒకచోట వేళ్ళు ఆపి, "ఈడ పోగు తప్పింది" అన్నారు. వెలుతురులో పెట్టి చూస్తే అక్షరాలా నిజం.

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది స్కాట్లండ్ నుంచి వెబ్‌స్టర్ గారు మాకు మేనేజరుగా వచ్చారు. తొలివారంలోనే షెడ్డులో తిరుగుతూ, తెగిన పోగును రాజలింగం గారు కంటికి ఆనకుండా ముడివేయడం చూసి అక్కడే నిలబడిపోయారు. మర్నాటి నుంచి పొద్దున్నే ఆయన్ను పలకరించాకే తన గదికి వచ్చేవారు. నేను గుంటూరులో ఇంగ్లిషు ఎమ్మే చదివినవాణ్ణి. పదకొండేళ్ళుగా ఆ ఆఫీసు ఉత్తరాలన్నీ రాసింది నేనే. నన్ను మాత్రం హాజరుపట్టీ కావలసినప్పుడే పిలిచేవారు.

ఒక మధ్యాహ్నం రాజలింగం గారు టీ గ్లాసుతో నా బల్ల దగ్గరికి వచ్చారు.

"సారూ, వెబ్‌స్టర్ అంటే ఏంది? మన ఇంటిపేర్లకున్నట్టు వాళ్ళ పేర్లకు గూడ అర్థం ఉంటదా?"

నాకు తెలుసు. తెలిసే అబద్ధమాడాను. "వెబ్ అంటే సాలెగూడు. వెబ్‌స్టర్ అంటే సాలెపురుగు. కావాలంటే వెళ్ళి ఆయన్నే అడుగు."

ఆయన మొహం వెలిగిపోయింది. "సాలెపురుగా? గట్లయితే మావోడే! మేం గూడ సాలెవాళ్ళమే గదా!"

ఆపడానికి వీల్లేనంత వేగంగా వెళ్ళిపోయారు. అవమానం జరుగుతుందని నేను తలుపు దగ్గర నిలబడి ఎదురుచూశాను. "సార్, యువర్ నేమ్ స్పైడర్. మై నేమ్ ఆల్సో స్పైడర్!" అన్నారాయన. వెబ్‌స్టర్ గారు పగలబడి నవ్వి, ఒక తాను మీద కూర్చుని, అనువాదానికి నన్నే పిలిచారు.

పూర్వం వారి భాషలో వెబ్ అంటే నేసిన బట్టేనట. పురుగు అల్లే గూడుకు ఆ పేరు తర్వాత వచ్చింది. వెబ్‌స్టర్ అంటే నేసే మనిషి. చివరి 'స్టర్'ను మొదట్లో ఆ పని చేసే స్త్రీల పేరుకు చేర్చేవారు, క్రమంగా మగవాళ్ళకూ వాడారు. ఇంగ్లండు ఉత్తరభాగంలోనూ స్కాట్లండులోనూ అది వంశాల పేరైంది. "మా ముత్తాతలు నారబట్ట నేసేవారు. ఆవిరి మగ్గాలు వచ్చాక ఆ పని పోయింది. పేరే మిగిలింది" అన్నారాయన.

ఆ మాటలన్నీ నేనే తెలుగులో చెప్పాను. నా నోటితోనే వాళ్ళిద్దరికీ చుట్టరికం కలిపాను. రాజలింగం గారు, "మీకు పేరన్న మిగిలింది సార్. మా అమ్మ చుట్టిన కండెలకు ఎవ్వలూ పేరు పెట్టలే" అన్నారు. అదీ నేనే ఇంగ్లిషులో చెప్పాను. వెబ్‌స్టర్ గారు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

కొన్ని నెలల తర్వాత, మోయలేక, రాజలింగం గారి దగ్గర నా అబద్ధం ఒప్పుకున్నాను. ఆయన నవ్వారు. "నాకు ఆనాడే ఎర్కైంది సారూ. మీరు గట్ల చెప్పకపోతే ఆ సారు నాతోని కూసుంటుండెనా?" ఆ క్షమాగుణం చూసి కూడా ఓర్వలేకపోయాను.

పార్థివదేహాన్ని పంపే కాగితాల కోసం మొన్న నేను ఆయన భార్యకు ఫోన్ చేశాను. వివరాలన్నీ చెప్పాక ఆమె అడిగింది.

"ఆఫీసుల ఇంగ్లీషు సారు మీరేనా?"

"అవునమ్మా."

"మీరంటే ఆయనకు మస్తు కుళ్ళు సారూ." ఆమె ఏడుస్తూనే చెప్పింది. "ఫోన్ జేస్తే గదే ముచ్చట. 'వెబ్‌స్టర్ సారుకు నేను చెప్పుకునే మాటలన్నీ ఆయన నోట్లెకెల్లే పోవాలె. గా ఇంగ్లీషు నాకెందుకు రాకపాయె' అని కుమిలేటోడు."

అంత బాధను కడుపులో పెట్టుకుని, రోజూ నాకు టీ తెచ్చిచ్చి నవ్విన మహానుభావుడాయన. నాలాంటివాడికి ఆ పెద్దమనసు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మర్నాడు పెట్టె మూసే ముందు అందరం చుట్టూ నిలబడ్డాం. వెబ్‌స్టర్ గారు ఇంగ్లిషులో నాలుగు మాటలు చెప్పి, తెలుగులో చెప్పమని నావైపు చూశారు. "రాజలింగం గారూ" అన్నాను. ఇన్నేళ్ళలో ఆయనను గారూ అని పిలవడం అదే మొదటిసారి.