గుప్పిట్లో గబ్బు పురుగు

మొన్న సాయంత్రం వంటింట్లో లైటు వేసుకుని, కింద పేపరు పరుచుకుని మెంతికూర తుంచుతూ కూర్చున్నాను. ట్యూబులైటు చుట్టూ టపటపా కొట్టుకుంటూ తిరుగుతున్న పురుగొకటి వచ్చి సరిగ్గా నా కూర మధ్యలో పడింది. ఆకుపచ్చగా, వీపు మీద డాలు కప్పుకున్నట్టుగా ఉండే ఆ పురుగును మీరంతా ఎరిగే ఉంటారు. పుస్తకాల్లో దానికి ఏ పేరుందో నాకు తెలియదు గానీ మా వరంగల్లులో గబ్బు పురుగనే అంటాం, దాని సంగతంతా ఆ పేరులోనే ఉంది. చేటలోకి తోసి బయట పారేద్దామని నేను వంగేలోపే మా కోడలు చీపురు తిరగేసి ఒక్కటిచ్చింది. ఇంకేముంది, కుళ్ళిన కొత్తిమీరలో కిరసనాయిలు కలిపినట్టు ఇల్లంతా ఒకటే కంపు.

కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలు తెరవడం, అగరుబత్తీలు వెలిగించడం, నా మెంతికూర మొత్తం చెత్తబుట్టలో వేయడం చకచకా జరిగిపోయాయి. ఇంకోరోజైతే ఆ కూర కోసమైనా నేను గొడవపడేదాన్ని. మాది అంత తొందరగా వదులుకునే వంశం కాదు. కానీ ఆ వాసన ముక్కుకు తగలగానే నేను అక్కడ లేను. అరవై ఏళ్ళ కిందట, మిల్లు వెనక బస్తీలో, మా పెంకుటింటి పెరట్లో, చిక్కుడు పందిరి కింద చలికి వణుకుతూ నిలబడి ఉన్నాను.

ఆ ఏడు వానాకాలంలో మా నాన్నకు పచ్చకామెర్లు ముదిరిపోయి దవాఖానలో పడుకోబెట్టారు. మిల్లులో బస్తాలు అవలీలగా ఎత్తే మనిషి, దుప్పటి కప్పితే కింద మనిషి ఉన్నాడో లేడో తెలియనట్టు అయిపోయాడు. అప్పుడు మా అమ్మ మొక్కుకుంది. ఈ మనిషి లేచి ఇంటికొస్తే, పెరట్లో తాను పెట్టిన చిక్కుడు పాదు తొలికాపు గంపెడు కాయలు కోతపండుగనాడు గుడిలో బల్ల మీద పెడతానని, అప్పటిదాకా ఆ పాదు కాయ ఒక్కటి కూడా ఇంట్లో వండనని. మీలో చర్చికి పోయే కుటుంబాల వాళ్ళకు కోతపండుగ గురించి చెప్పక్కరలేదు. తక్కినవాళ్ళ కోసం చెబుతున్నాను, ఎవరి చేనులో, ఎవరి పెరట్లో ఏది పండితే అందులో మొదటిది తెచ్చి దేవుని ముందు పెట్టి, ఆ తర్వాతే తాము తినే ఆదివారం అది. నాన్న ఇంటికొచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు, కానీ నడుస్తున్నాడు. పాదు కూడా తీగలు సాగి పందిరంతా ఊదారంగు పూలు పూసింది. ఇక కాయలు దిగడమే తరువాయి అనుకుంటుండగా పురుగు దిగింది.

మొదట నాలుగైదు కనిపించాయి. వారం తిరక్కుండానే ఏ ఆకు ఎత్తినా వెనకాల అవే, లేతకాయ దిగగానే దాని మీద గుంపుగా వాలి రసం పీల్చేసేవి. రెండు రోజుల్లో కాయ వంకర తిరిగి, మచ్చలు పడి, గింజలేని తొక్కయిపోయేది. అమ్మ పొయ్యిలో బూడిద జల్లెడపట్టి చల్లింది. పేనుబంకయితే బూడిదకు పోయేదేమో గానీ ఇవి బూడిద పూసుకుని మరీ తిరిగాయి. చేత్తో నలిపితే పురుగు చచ్చేది, కానీ ఆ కంపుకు మాకు అన్నం సయించేది కాదు. పత్తికి కొట్టే మందు తెచ్చి కొట్టమన్నారు కొందరు. దేవుని దగ్గర పెట్టే కాయకు విషం కొట్టనని అమ్మ అంది. పోనీ, మార్కెట్లో మంచివి గంపెడు కొని పెట్టెయ్యమని మా మేనత్త సలహా ఇచ్చింది. అమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"కొనిస్తనని మొక్కిన్నా వదినా? కాయించి ఇస్తనని మొక్కిన. మనిషిని మంచిగ చేసి ఇంటికి తోలినంక నేను మాట తప్పుతనా?"

అటు నాన్న సంగతి చూస్తే, నెలల తరబడి పత్యం తిని తిని నాలుక చచ్చిపోయి, పందిరి కింద మంచం వేయించుకుని పడుకుని, తలమీద వేలాడే నాలుగు మంచి కాయల వంక పసివాడిలా చూసేవాడు. టమాట వేసి చిక్కుడుకాయ కూర రెండు ముద్దలు తినాలని ఉందని నాతో మెల్లగా అనేవాడు, అమ్మకు చెప్పే ధైర్యం లేక. నేను చెప్పేదాన్ని. అమ్మ వినేది, కళ్ళు తుడుచుకునేది, పండుగ కానిమ్మనేది. ఆ మొండితనం చూసి అప్పట్లో నాకు అమ్మ మీద పీకలదాకా కోపముండేది.

ఉపాయం చెప్పింది మా పక్కింటి చాచీ. ఆమె భర్త మిరపకాయల బేరం చేసేవాడు. వాళ్ళ దొడ్లో బెండ, కాకర ఎప్పుడూ పచ్చగా ఉండేవి. ఒకరోజు గోడ మీదుగా మా అవస్థ చూసి, నవ్వాపుకోలేక, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ చెప్పింది.

"చేత్తోని నలపకు బేటీ, జర నా మాటిను. పొద్దెక్కకముందుగాల రావాలె, అప్పుడు సలికి ముడుసుకొని ఉంటయి, ఎగరయి. కింద బకెట్ల సబ్బునీళ్ళు పట్టి తీగను జర కదిలియ్యి. భయానికి అవ్వే దుంకుతయి."

అక్షరాలా అదే జరిగింది. తీగ కదిలితే చాలు, పట్టు వదిలి టపటపా రాలేవి, సబ్బునీళ్ళలో పడ్డది మళ్ళీ లేచేది కాదు, కంపు కూడా అందులోనే అణిగిపోయేది. ఆనాటి నుంచి పండుగదాకా ఒక్క తెల్లవారుజాము తప్పలేదు. అమ్మ తీగలు కదిపేది, నేను ఇనుప బకెట్టు రెండు చేతులా ఎత్తి పట్టుకునేదాన్ని, ఆకుల వెనక ముత్యాల్లా వరుసగా పెట్టిన గుడ్లు కనిపిస్తే ఆ ఆకు తుంచి నీళ్ళలో వేసేవాళ్ళం. చేతులు పీకేవి, ముక్కు కారేది, బడికి వెళ్తే రెండో గంటకే నిద్ర ముంచుకొచ్చేది. అయినా మానలేదు. కొన్నాళ్ళకు బకెట్టులో పురుగు పలచబడింది, పందిరి మీద కాయ చిక్కబడింది. అమ్మ మీద కోపం నాకు ఎప్పుడు పోయిందో తెలియదు. పురుగు మీద పంతం మాత్రం అమ్మకంటే నాకే ఎక్కువైంది.

పండుగనాడు గంప నిండింది. వంకర కాయ ఒక్కటి లేకుండా ఏరి, కడిగి, తడి గుడ్డ మీద ఆరబెట్టింది అమ్మ. అంతటితో ఊరుకుంటే బాగుండేది. గంప బోసిగా ఉందని నాకనిపించింది. అమ్మ చీర కట్టుకుంటుండగా పందిరి దగ్గరికి పరుగెత్తి, పూలతో సహా నాలుగు తీగలు తుంచుకొచ్చి గంప అంచు చుట్టూ అందంగా అల్లాను. ఇన్ని రోజులు ఆకు వెనకే చూడటం నేర్చుకున్నదాన్ని, ఆ ఒక్కరోజు ఆకు ముందు మాత్రమే చూశాను.

గుడిలో గంపలు పట్టుకుని అందరం బల్ల ముందు నిలబడ్డాం. నాన్న అమ్మ పక్కనే, కర్ర ఊతంగా. పాస్టరు అయ్యగారు తెల్లని అంగీలో గంపల మీదికి చేతులు చాచి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ప్రార్థనలు ఎంత పొడుగుండేవో మీకు గుర్తుండే ఉంటుంది. నాకు ఒక కన్ను తెరిచి చూసే పాడలవాటు. ఆకు కింద నుంచి గబ్బు పురుగొకటి తీరిగ్గా బయటికొచ్చి, గంప అంచెక్కి, అయ్యగారి అంగీ వైపు నడక సాగించింది. అమ్మకు కూడా నా అలవాటే ఉందని అప్పుడే తెలిసింది. గంపను ఎడమచేత్తో నడుముకు ఆనించుకుని, కుడిచెయ్యి చాచి, ఆ పురుగును పట్టుకుని గుప్పిట మూసేసింది. దాని వెనకాలే ఇంకొకటి వచ్చింది. దాన్ని నేను పట్టాను. అరచేయి చురుక్కుమంది. కంపు గుప్పున లేచింది. వెనక ఆడవాళ్ళు కళ్ళు తెరిచి అటూ ఇటూ చూస్తున్నారు, ఎవరో దగ్గారు. అమ్మ మాత్రం గుప్పిట విప్పలేదు, మొహం ఎర్రబడినా అందరితోపాటు ఆమేన్ అంది, ఆ గుప్పిటతోనే నిలబడి పాట మొత్తం పాడింది. మా గంపను బల్ల మీద పెడతారా, పక్కకు తీసెయ్యమంటారా అని నేను చూస్తున్నాను. అయ్యగారి భార్య లేచొచ్చి, ఆ తీగలు విప్పి బయట దులిపేసి, గంపను తీసుకెళ్ళి బల్ల మధ్యలో పెట్టింది.

ఇంటికొచ్చే దారిలో నేను ఏడ్చాను. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు.

"కాయలు ఇస్తమన్నం గని ఆకులు గూడ ఇస్తమన్నమా బిడ్డా?" అని నవ్వింది. ఆ నవ్వుకు ఇంకా ఎక్కువ ఏడ్చాను.

ఇంటికి రాగానే పందిరి మీద మిగిలిన కాయలు కోసి, టమాట వేసి కూర వండింది. చేతులు సబ్బుతో, బూడిదతో, చింతపండుతో తోమినా ఆ కంపు పోలేదు. నాన్నకు కలిపిపెట్టే ముందు ఒకసారి చెయ్యి వాసన చూసుకుని, నన్ను పెట్టమని కంచం నా ముందుకు జరిపింది. నా చెయ్యి మాత్రం ఏం మెరుగ్గా ఉందని! నాన్న ఆ కంచం మళ్ళీ అమ్మవైపే జరిపాడు.

"దవాఖాన వాసన కన్న ఇదే నయం. నువ్వే పెట్టు" అని నోరు తెరిచాడు.

రెండు ముద్దలడిగిన మనిషి కంచం ఖాళీ చేశాడు.

ఇప్పుడు కోతపండుగకు వెళ్తే బల్ల నిండా స్టిక్కర్లున్న ఆపిళ్ళు, ప్లాస్టిక్కు చుట్టిన డ్రాగన్ ఫ్రూట్లు కనిపిస్తాయి. వెతికినా ఒక్క పురుగుండదు. తెచ్చినవాళ్ళను తప్పు పట్టను, అపార్ట్‌మెంట్లలో పెరళ్ళెక్కడివి? కానీ ఆ పండ్ల కోసం ఏ తల్లీ కూతురూ తెల్లవారుజామున చలిలో నిలబడి ఉండరు కదా అనిపించి, అంత నిగనిగలాడే బల్ల ముందు కూడా నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈసారి మేడ మీద రంగు డబ్బాల్లో చిక్కుడు పెట్టాను. మందు కొడితే నిమిషంలో పోతాయి కదా అత్తమ్మా అని కోడలు అంటూనే ఉంది. నేను మాత్రం మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి, రోజూ పొద్దెక్కకముందే సబ్బునీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడుతున్నాను. పండుగ ఇంకా రెండు వారాలుంది, ఈ గంప నేను నింపి తీరుతాను.

ఇవాళ పొద్దున ఒక పురుగు బకెట్టులో పడకుండా నా చేతి మీద పడింది. తెలియకుండానే గుప్పిట మూశాను. చెయ్యి కడుక్కోమని కోడలు సబ్బు అందించింది. కాసేపాగి కడుక్కుంటానన్నాను. అమ్మ పోయి ఇన్నేళ్ళయింది, ఆమె చీరలు లేవు, ఆ ఇల్లూ లేదు. ఇవాళ నా అరచేతికి అమ్మ చేతి వాసన వచ్చింది.