నా ముందెవరూ నిలబడరు

మా క్లబ్బులో నాకంటే పాతది బాస్కెట్‌బాల్ బోర్డుకున్న ఇనప రింగు ఒక్కటేనని మా వాళ్ళు ఎకసెక్కాలాడేవారు. అది తుప్పు పట్టిందని పోయిన ఏడాది మార్చేశారు. ఇప్పుడు అందరికంటే పాతవాణ్ణి నేనే. నన్ను మార్చడానికి మాత్రం ఎవరికీ నోరు రావడం లేదు. మా గోదావరి జిల్లాల వాళ్ళకి ఎదుటి మనిషిని "ఇక చాలండి, లేవండి" అనడం చేతకాదు. "అప్పుడే లేస్తారేంటండీ, ఇంకాసేపు కూర్చోండి, కాఫీ తాగి వెళుదురుగాని" అనడమే వచ్చు. ఆ మాట నమ్మి కూర్చుండిపోయినవాణ్ణి నేను. చెప్పుకుంటే సిగ్గుచేటు.

మాది మిల్లు క్లబ్బు. కాలవ గట్టు మీదున్న రైస్ మిల్లు ఓనరు గారు కుర్రతనంలో కాలేజీకి బాస్కెట్‌బాల్ ఆడారట. ఆ సరదా చావక, మిల్లు వెనక ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళంలో రెండు స్తంభాలు పాతించి టీము పెట్టారు. డిగ్రీ తప్పి బలాదూరుగా తిరుగుతున్న నన్ను పొడుగు చూసి పట్టుకొచ్చారు. పగలు కాటా దగ్గర లారీల తూకం చూడాలి, సాయంత్రం ఆడాలి. నెల జీతం కాక మ్యాచ్‌కి ఇంతని విడిగా ఇస్తారు. దీన్ని సెమీ ప్రొఫెషనల్ అంటారని పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి గొప్పగా చెప్పాను. "అంటే సగం ఉద్యోగం, సగం గెంతులా?" అంది. ఆవిడది పూతరేకుల ఆత్రేయపురం. అక్కడి వాళ్ళ నోటి వెంట వెటకారం కూడా పంచదార అద్దుకునే వస్తుంది.

బాగానే ఆడేవాణ్ణి. అది మాత్రం అబద్ధం కాదు. రింగు కింద నేను నిలబడితే నన్ను కదపడానికి ఇద్దరు కావాల్సొచ్చేది. కాకినాడ వాళ్ళు పిలిచారు, రాజమండ్రి వాళ్ళు ఇంటికొచ్చి మరీ పిలిచారు. వెళ్ళలేదు. ఆహా, ఎంత విశ్వాసమండీ అని ఊరంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పుని ఇన్నేళ్ళూ సుబ్బరంగా తిన్నాను. నిజానికి కొత్తచోట నా స్థానం నేను మొదట్నుంచి సంపాదించుకోవాలి. ఆ భయానికి విశ్వాసం అని పేరు పెట్టారు, నేను కాదనలేదు, అంతే.

మోకాలు పోయింది నలభై దాటాక. రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం ఎగిరి వంకరగా దిగాను. లోపల ఏదో పుటుక్కుమంది. రాజమండ్రిలో ఆపరేషన్ చేశారు. డాక్టరు గారు మా ఆవిడ ముందే చెప్పారు: నడవచ్చు, మెట్లెక్కచ్చు, కానీ ఇంకోసారి ఎవరైనా ఈ మోకాలి మీద పడితే కర్ర పట్టుకుని నడవాల్సిందే అని. నేను ఆయన మాటకి తలూపి, కట్టు విప్పిన మూడో నెలలో కళ్ళంలోకి దిగాను. మా ఆవిడ నోరెత్తి ఒక్క మాట అనలేదు. నా పట్టుదలకి లొంగిపోయిందనుకున్నాను. నా తెలివి అలా ఏడిసింది.

ఇహ చూడండి, తిరిగొచ్చాక నా ఆటే ఆట! పరిగెత్తలేను, ఎగరలేను, అయినా పాయింట్లు పడుతున్నాయి. ఎక్కడ నిలబడితే అక్కడ చోటు దొరుకుతోంది. బంతి అందుకుని, తీరిగ్గా తిరిగి, రింగు కేసి చూసుకుని మరీ వేసేవాణ్ణి. పెద్దాపురంలో మరిడమ్మ జాతర రోజుల్లో జరిగిన టోర్నమెంటులో బెస్ట్ ప్లేయర్ అని నాకే కప్పు ఇచ్చారు. శాలువా కప్పారు. మైకు చేతికిస్తే ఊరుకోవాలా వద్దా? "ఆట కాళ్ళల్లో ఉండదండి, తలకాయలో ఉంటుంది" అని ఉపన్యాసం దంచాను. జనం చప్పట్లు కొట్టారు. ఎదుటి టీముల వాళ్ళు కూడా కొట్టారు, గట్టిగా.

అక్కడితో ఆగినా బాగుండేది. మా టీములో ఒకతను ఉన్నాడు, నాలో సగం వయసు, చిరుతలా పరిగెడతాడు. ఒక మ్యాచ్‌లో అతని షాట్లకి రెండు మూడుసార్లు ఎదుటివాళ్ళు అడ్డుపడ్డారు. అందరి ముందూ కేకలేశాను. "ఖాళీ ఎలా దొరకబుచ్చుకోవాలో నన్ను చూసి నేర్చుకుని ఏడవచ్చు కదయ్యా! ఈ వయసులో నాకు దొరుకుతోంది, నీకేం రోగం?" అన్నాను. అతను తల దించుకుని "ఆయ్, అలాగేనండి గురువు గారూ" అన్నాడు. పక్కనున్న వాళ్ళు బూట్ల లేసులు కట్టుకుంటూ ఉండిపోయారు. ఒక్కడూ నా మొహంలోకి చూడలేదు. నా మాటకి అంత విలువ అనుకున్నాను.

అసలు సంగతి మొన్న బయటపడింది. రాజమండ్రి టీముతో మ్యాచ్. వాళ్ళలోకి ఆ వారమే ఒక కొత్తాయన వచ్చాడు, అనంతపురం వైపు మనిషి, ఇక్కడేదో ఉద్యోగానికి వచ్చి చేరాడు. నేను ఎప్పట్లాగే రింగు పక్కన బంతి అందుకున్నాను. తీరిగ్గా తిరిగాను. తిరిగేసరికి ఎదురుగా మనిషి! నా ముందు మనిషి నిలబడి ఎన్నాళ్ళైందో అప్పుడు తెలిసింది. షాట్ వేద్దామని చేతులెత్తాను. బంతి నా చేతుల్లోంచి లాక్కుని, అటు రింగుదాకా పరిగెత్తి వేసేశాడు. నేను వెనక్కి తూలి కూలబడ్డాను. తప్పేం లేదు, శుభ్రమైన ఆట. రిఫరీ విజిలు కూడా వెయ్యలేదు.

విజిలు వెయ్యలేదు గానీ ఆట మాత్రం ఆగిపోయింది. వాళ్ళ కెప్టెన్ పరిగెత్తుకొచ్చి నన్ను లేపాడు, నా మోకాలు తడిమి చూశాడు. తర్వాత ఆ కొత్తాయన మీద విరుచుకుపడ్డాడు. "ఆయన్ని వదిలెయ్యాలని తెలీదా నీకు?"

ఆ అనంతపురం మనిషి తెల్లబోయాడు. నా దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు. "సారీ సర్. నాకెవరూ చెప్పలేదు సర్" అన్నాడు.

అదీ మాట. అతనికెవరూ చెప్పలేదంటే మిగిలిన వాళ్ళందరికీ ఎవరో చెప్పారన్నమాట. చుట్టూ చూశాను. వాళ్ళ టీము ఆకాశం చూస్తోంది. మా టీము నేల చూస్తోంది. నేను కేకలేసిన కుర్రాడు మంచినీళ్ళ సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు, అతని మొహంలో జాలి తప్ప ఇంకేమీ లేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది. కాలు నొప్పని చెప్పి బయటికొచ్చి కూర్చున్నాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు.

మ్యాచ్ అయ్యాక వాళ్ళ కెప్టెన్ని మిల్లు గేటు దగ్గర టీ బడ్డీలో పట్టుకున్నాను. "ఏంటయ్యా ఇది? ఎవరు చెప్పారు మీకు?" అని నిలదీశాను. అతను టీ గ్లాసు అటు తిప్పి ఇటు తిప్పి, "పోనిద్దురూ గురువు గారూ, ఇప్పుడవన్నీ ఎందుకండి" అని నసిగాడు. నేను వదల్లేదు. చివరికి బయటపెట్టాడు.

"మీ ఇంట్లో అమ్మగారు వచ్చారండి మా ఇంటికి. మీకు ఆపరేషనైన కొత్తలో. పూతరేకుల డబ్బా పట్టుకుని స్కూటీ మీద వచ్చారు. మా ఇంటికే కాదండి, తణుకు వాళ్ళింటికి, పెద్దాపురం వాళ్ళింటికి, అందరి దగ్గరికీ వెళ్ళారు. 'ఆయన ఆడకుండా ఉండలేరు నాన్నా, ఆయన మీద పడకుండా ఆడండి, మీకు పుణ్యముంటుంది' అన్నారండి. ఇంటికొచ్చిన ఆడమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగితే కాదని ఎలా అంటామండి?"

ఆ పూతరేకుల డబ్బాలు నాకు తెలుసు. ఆవిడ పుట్టింటి నుంచి ఏటా వస్తాయి. అంతెందుకు, మొన్న జాతర టోర్నమెంటుకి వెళ్తుంటే ఒకటి నా సంచిలోనే పెట్టి, "పెద్దాపురం కెప్టెన్ గారికివ్వండి, వాళ్ళమ్మాయి పుట్టినరోజట" అంది. నా చేత్తో నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను, ఓర్నాయనో! ఇచ్చి, మర్నాడు వాళ్ళ మీదే పాయింట్ల మీద పాయింట్లు వేసి, కప్పు పట్టుకుని ఫొటో దిగాను.

కాస్త తేరుకుని అన్నాను, "సరే, అయిందేదో అయింది. ఇప్పుడు నేను చెప్తున్నాను. ఆదివారం ఇంకో మ్యాచ్ ఉంది కదా మనకి. మామూలుగా ఆడండి. నా ముందు నిలబడి గట్టిగా అడ్డుకోండి."

అతను చాలా మర్యాదగా, "మాటిచ్చింది మీకు కాదు కదండీ, అమ్మగారికి. ఆవిడ సరేనంటే మాకేం అభ్యంతరం లేదండి" అన్నాడు. టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వసారాలో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాను. పరువు తీశావన్నాను. జిల్లా అంతా నన్ను చూసి నవ్వుతోందన్నాను. వాళ్ళు పెట్టిన ముష్టికి నేను శాలువా కప్పించుకున్నానన్నాను. ఎవరడిగారు నిన్ను, ఎవరు వెళ్ళమన్నారు అన్నాను. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి మరీ వెళ్ళారు.

ఆవిడ తరగడం ఆపలేదు. "మీ పరువు మీ మోకాట్లో ఉంటుందని నాకు తెలీదండీ. తెలిస్తే డాక్టరు గారికి చెప్పి అదీ కుట్టించేదాన్ని" అంది.

"వెటకారం ఆపు."

అప్పుడు తలెత్తింది. "ఆట మానెయ్యండి అంటే మానేసేవారా? మానరు. మంచం మీద పడితే మిమ్మల్ని ఎవరు లేవదీస్తారు? నేను. ఆపరేషనప్పుడు స్నానాల గదిలోకి మిమ్మల్ని భుజం మీద మోసుకెళ్ళింది ఎవరు? మిమ్మల్ని ఆపలేను కాబట్టి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను. నాకేం సిగ్గనిపించలేదు."

నేను తగ్గలేదు. "నాకు సిగ్గుగా ఉంది. వాళ్ళు వదిలేస్తే వేసే పాయింట్లు నాకక్కర్లేదు. నువ్వు చెప్తేనే వింటారట. చెప్పు వాళ్ళకి. నిజంగా ఆడమని చెప్పు" అన్నాను.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, "అంతేగా, ఇప్పుడే చెప్తాను. ఆ తర్వాత మీ ఇష్టం, మీ మోకాలి ఇష్టం" అని ఫోన్ తీసింది. స్పీకర్ పెట్టి కింద పెట్టింది. బెండకాయల పళ్ళెం పక్కన ఫోన్ మోగుతోంది.

ఆ మోగుతున్న కాసేపట్లో నాకు ఆదివారం మ్యాచ్ కళ్ళకి కట్టింది. అనంతపురం మనిషి నా ముందుంటాడు. బంతి వస్తుంది, పోతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. మా కోచ్ గారు పదినిమిషాలు చూసి, "కాస్త విశ్రాంతి తీసుకోండి" అంటారు. ఆ విశ్రాంతికి ఇక అంతుండదు. రేపట్నుంచి నేను కాటా దగ్గర కూర్చునే మనిషిని, అంతే. ఇంకో సంగతి కూడా అప్పుడే ఒప్పుకున్నాను, లోపల్లోపల. నాకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు. ఈ మోకాలితో తిరిగేసరికి ఎదురుగా ఎవరూ ఉండకపోవడం నా తలకాయ గొప్ప కాదని బంతి అందుకున్న ప్రతిసారీ తెలుసు. ఎవరు చెప్పారో తెలీదు గానీ, వదిలేస్తున్నారని తెలుసు. తెలిసే కప్పు తీసుకున్నాను. తెలిసే ఆ కుర్రాణ్ణి తిట్టాను.

అటు నుంచి కెప్టెన్ ఎత్తాడు. "ఆయ్, చెప్పండమ్మా."

"ఏం లేదు నాన్నా, ఈయన ఆదివారం..." అంటోంది ఆవిడ. నేను వంగి ఫోన్ కట్ చేసేశాను.

నా చెయ్యి నేనే చూసుకుంటూ నిలబడ్డాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. ఒక్క మాట అన్నా బాగుండేది. చేతగానివాడా అని నాలుగు దులిపినా పడేవాణ్ణి. అనలేదు. ఫోన్ మళ్ళీ మోగింది, కెప్టెనే. ఆవిడే ఎత్తింది. "చెయ్యి తగిలి కట్టయింది నాన్నా. ఏం లేదు, ఈయన ఆదివారం కాస్త ముందే వస్తానన్నారు, అది చెబుదామనే చేశాను. మీ అమ్మగారికి బీపీ తగ్గిందా?" అని అడిగింది. వాళ్ళమ్మ గారి మందుల గురించి కాసేపు మాట్లాడి పెట్టేసింది. తర్వాత బెండకాయలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం ముందే వెళ్ళాను. ఆడాను. ఇంకా ఆడుతున్నాను.